పెదనాన్నగారి రేకు డబ్బాలో పాత కార్ట్‌రిడ్జులు: వేటిని వినాలి, వేటిని దాచాలి?

టి.నగర్ శ్రోత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు కోడంబాక్కంలోని ఒక రికార్డింగు థియేటరులో 30 ఏళ్ళకు పైగా పనిచేశారు. ఉద్యోగం విరమించాక పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట ప్లేట్లు వినడం తప్ప ఆయనకు వేరే వ్యాపకం ఉండేది కాదు. ఆయన పోయిన రెండేళ్ళకు, మొన్న సంక్రాంతికి ముందు అటక దులుపుతుంటే పాత బిస్కట్ల రేకు డబ్బా ఒకటి బయటపడింది. అందులో బొత్తాలు ఉంటాయని పెద్దమ్మ అనుకున్నది. మూత తీసి చూస్తే దూదిలో చుట్టిన కార్ట్‌రిడ్జులు (టర్న్‌టేబుల్ చేతి, అంటే ఆర్మ్, కొసన ముల్లును పట్టి ఉంచి, గాడిలోని కదలికను విద్యుత్తుగా మార్చే చిన్న భాగాలు) ఆరు ఉన్నాయి.

వాటిలో ఒకటి షూర్ వి15 టైప్ 3. దాని ముల్లు విరిగిపోయి, ముల్లును మోసే సన్నని కడ్డీ, అంటే కాంటిలీవరు, మొదలు మాత్రమే మిగిలింది. రెండోది షూర్ ఎమ్75. ముల్లు ఉన్నది కానీ ఎన్ని వందల గంటలు తిరిగినదో చెప్పగలవారు లేరు. మూడోది డెనాన్ డి.ఎల్.-103. నాలుగోది ఆర్టోఫోన్ ఎస్.పి.యు., కార్ట్‌రిడ్జిని ఆర్మ్‌కు బిగించే తొడుగైన హెడ్‌షెల్‌తో కలిసి ఒకే ముద్దగా ఉండే నల్లటి, బరువైన రకం. మిగిలిన రెండూ పాత రేడియోగ్రాముల చేంజర్ల నుంచి ఊడదీసినవి కాబోలు. పక్కనున్న చిన్న మీట తిప్పితే ఒకవైపు ఎల్.పి. (సన్నని గాడి ఉన్న పెద్ద ప్లేటు) ముల్లు, రెండోవైపు 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు) ముల్లు కిందికి వస్తాయి.

నేను వాడుతున్నది టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 ఎమ్‌కె2 టర్న్‌టేబుల్. ఆంప్లిఫయరులో మూవింగ్ మ్యాగ్నెట్ రకం కార్ట్‌రిడ్జికి సరిపోయే ఫోనో (ప్లేట్లు వినే) ఇన్‌పుట్ మాత్రమే ఉన్నది. పెదనాన్నగారి ప్లేట్లలో ఎక్కువ భాగం 1960ల నాటి తెలుగు సినిమా పాటల మోనో (ఒకే చానలు) ఇ.పి.లు, అంటే చిన్న ప్లేట్లు, వాటితో పాటు కర్ణాటక సంగీతం ఎల్.పి.లు ఒక 50, 78 ప్లేట్లు 20 దాకా ఉన్నాయి. ఎమ్75ను ఉన్నది ఉన్నట్టుగా బిగించి విన్నాను. వీణ, మృదంగం పరవాలేదు. గాత్రంలో మాత్రం, ప్లేటు లోపలి అంచుకు చేరేకొద్దీ శ, ష, స అనే అక్షరాలు చీలిపోయి బుసకొట్టినట్టు వినబడుతున్నాయి. ఇది ముల్లు దోషమా, ప్లేటు దోషమా, లేక నేను బిగించడంలో చేసిన తప్పా అన్నది నాకు తేలడం లేదు. ఈ ఆరింటిలో నా ఆర్మ్‌కు పొందేవి ఏవి, ఖర్చు పెట్టి బాగుచేయించదగినవి ఏవి, ఊరికే గుర్తుగా దాచుకోవలసినవి ఏవి అన్నది అనుభవమున్నవారు చెప్పగలరా?

మైలాపూరు మైక్రోగ్రూవ్

టి.నగర్ శ్రోత గారూ, పెదనాన్నగారు దూదిలో చుట్టి దాచిన తీరును బట్టి ఆయన ఈ విద్య తెలిసినవారేనని అర్థమవుతున్నది. ఒక్కొక్కటిగా చూద్దాం.

షూర్ వంటి మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్‌రిడ్జిలో తీగచుట్టలు ఒంట్లో ఉంటాయి. వజ్రం, దానిని మోసే కాంటిలీవరు, దాని వెనుక కొసనున్న అయస్కాంతం, వీటన్నిటినీ పట్టి ఉంచే రబ్బరు మాత్రం చేత్తో లాగితే ఊడివచ్చే ముల్లు భాగంలో ఉంటాయి. రాగి తీగకు 50 ఏళ్ళు ఒక లెక్క కాదు. రబ్బరుకు అది ఒక జీవితకాలం. గట్టిపడిన రబ్బరు కాంటిలీవరును కదలనివ్వదు, మెత్తబడినది కూలబడనిస్తుంది. అందువల్ల వి15 ముల్లు విరిగిందని బాధపడకండి. విరగకపోయినా దానిని మార్చవలసే వచ్చేది. మల్టీమీటరు తీసుకుని వెనుకనున్న నాలుగు పిన్నులలో ఎరుపు-ఆకుపచ్చ కుడి చానలుగా, తెలుపు-నీలం ఎడమ చానలుగా కొలవండి. రెండు వైపులా సుమారు 1,350 ఓమ్‌లు చూపిస్తే ఒళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒకవైపు ఏమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టు. అప్పుడు దానిని గాజు బీరువాలో పెట్టుకోవడమే.

టైప్ 3 వచ్చినది 1973లో. దానికి షూర్ ఇచ్చిన దీర్ఘవృత్తాకారపు ముల్లు ముప్పాతిక గ్రాము నుంచి ఒకటింబావు గ్రాము బరువుతో నడిచేది. షూర్ సంస్థ 2018లో కార్ట్‌రిడ్జుల తయారీనే మానుకున్నది కనుక ఇప్పుడు మనకు దిక్కు జపానులోని జికో వంటి ముళ్ళ తయారీదారులే. హ్యోగో ప్రాంతంలోని ఆ సంస్థ కుట్టుసూదులతో మొదలై గ్రామఫోను ముళ్ళకు వచ్చినది. వి15కు వారు చేసే ముళ్ళలో సాధారణ దీర్ఘవృత్తం నుంచి బోరాన్ కాంటిలీవరు రకం దాకా ఉన్నాయి.

ఇక మీ ఆర్మ్ సంగతి. కార్ట్‌రిడ్జి బరువూ, ఆర్మ్ చలన భారమూ, రబ్బరు మెత్తదనమూ కలిసి ఒక ఊయలలాగా ఊగుతాయి. ఆ ఊపు 8 నుంచి 12 హెర్ట్జ్‌ల మధ్య ఉంటే మంచిది. అంతకన్నా తగ్గితే వంగిన ప్లేటు ఎత్తుపల్లాలు దానిని కదిలిస్తాయి, పెరిగితే సంగీతంలోని మంద్ర స్వరాలు కదిలిస్తాయి. 159ని, మొత్తం గ్రాములనూ, రబ్బరు మెత్తదనపు కొలత అయిన కంప్లయన్సునూ గుణిస్తే వచ్చిన సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఆ హెర్ట్జ్‌లు వస్తాయి. మీ ఆర్మ్ చలన భారం 12 గ్రాములు, వి15 బరువు 6 గ్రాములు. కంప్లయన్సు 25 అనుకుంటే ఏడున్నర హెర్ట్జ్‌లు వస్తుంది. గీతకు కాస్త కిందనే, కానీ బల్లపరుపుగా ఉన్న ప్లేట్ల మీద ఇబ్బంది ఉండదు. వంకర ప్లేట్ల కోసమే షూర్ వారు 1978లో టైప్ 4కు ముందువైపు చిన్న కుంచెను తగిలించి ఆ ఊపును అణచారు. మీ దానికి ఆ సౌకర్యం లేదు.

మరొక చిన్న విషయం చాలామంది మరచిపోతారు. టైప్ 3కి 47 కిలో ఓమ్‌లతో పాటు 400 నుంచి 500 పికోఫారడ్‌ల కెపాసిటెన్సు కావాలి. మీ తీగలదీ ఆంప్లిఫయరుదీ కలిపినా బహుశా అందులో సగమే ఉంటుంది. తక్కువైతే గాత్రం మీది మెరుపు కుంగి, పైకొస మాత్రం తేలుతుంది. దానిని విని టైప్ 3 నిస్సారమైనదని తీర్పు చెప్పినవారు ఎందరో. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కొద్ది రూపాయలకు దొరికే 200 పికోఫారడ్‌ల కెపాసిటర్లు రెండు కొని ఫోనో ఇన్‌పుట్‌కు అడ్డంగా కలిపించుకోండి.

ఇప్పుడు మీ అసలు బాధ, అంటే శ, ష, స. 12 అంగుళాల ఎల్.పి. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. లోపలి అంచుకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అక్కడ 10,000 హెర్ట్జ్‌ల ధ్వనికి ఒక పూర్తి అల గాడిలో 21 మైక్రాన్ల పొడవులో ఇరుక్కోవాలి. మామూలు గుండ్రటి ముల్లు కొస వ్యాసార్ధం 18 మైక్రాన్లు. అంత లావు గుండు అంత సన్నని మలుపులో దూరలేదు. 8 మైక్రాన్ల పక్క వ్యాసార్ధమున్న దీర్ఘవృత్తపు ముల్లు దూరగలదు. కాబట్టి మీ ఎమ్75కు ఉన్నది గుండ్రటి ముల్లా, అరిగిన ముల్లా అన్నది ముందు తేల్చుకోండి. 200 రెట్లు పెద్దదిగా చూపే యు.ఎస్.బి. సూక్ష్మదర్శిని చాలు, కొసకు రెండు పక్కలా అద్దంలా మెరిసే చదును ముఖాలు కనిపిస్తే ఆ ముల్లు ఇక ఒక్క ప్లేటును కూడా తాకకూడదు.

అన్నానగర్ అనామకుడు

పై మిత్రులు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే ఇంట్లో ఉన్న ప్లేట్లలో ఎక్కువవి 1960ల నాటి ఇ.పి.లు అన్నప్పుడు, సన్నని ముల్లు వైపు పరుగెత్తే ముందు కాస్త ఆగి, ఆ ప్లేట్లు అప్పట్లో దేని కింద తిరిగాయో ఆలోచించాలి. ఆ కాలపు మన ఇళ్ళలో ఉన్నవి సెరామిక్ కార్ట్‌రిడ్జులు. నాలుగైదు గ్రాములు, ఒక్కోసారి అంతకు మించిన బరువు. ముల్లు వజ్రమైతే అదృష్టం, చాలాచోట్ల నీలమణి. నీలమణి వజ్రంకన్నా ఎన్నో రెట్లు త్వరగా అరుగుతుంది, అరిగిన దానిని మార్చినవారు తక్కువ. పెళ్ళిళ్ళలో మైకుసెట్ల వారి చేతుల్లో నలిగిన ప్లేట్ల గురించి చెప్పనే అక్కరలేదు.

అలా అరిగిన గాడిలో అరుగుదల ఒకే ఎత్తున ఉంటుంది. మోనో కాలపు ముల్లు కొస 25 మైక్రాన్లది. 90 డిగ్రీల గాడిలో అది రెండు గోడలనూ తాకేచోట వెడల్పు సుమారు 35 మైక్రాన్లు. 18 మైక్రాన్ల గుండ్రటి ముల్లు అంతకన్నా లోతుకు దిగి, వెడల్పు 25 మైక్రాన్లు ఉన్నచోట తాకుతుంది. అంటే పాత ముల్లు చెడగొట్టిన మెట్టును దాటి, దాని కిందనున్న తాజా గోడను చదువుతుంది. దీర్ఘవృత్తపు ముల్లుకు అడ్డంగా ఉన్న వ్యాసార్ధం కూడా 18 మైక్రాన్లే కనుక అది ఇంకా లోతుకు పోతుందనుకోవడం పొరబాటు. షిబాటా వంటి నిలువు గీతగా తాకే ముళ్ళు పైనా కిందా కూడా చదువుతాయి. గోడ బాగున్నచోట అది వరం, పాడైనచోట ఆ పాడును కూడా పూసగుచ్చినట్టు వినిపిస్తాయి. పైగా అవి నిలువు కోణం ఏమాత్రం తప్పినా సహించవు.

అందువల్ల నా ఓటు డి.ఎల్.-103కు. జపాను జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. కోసం 1960ల తొలి సగంలో రూపొందిన కార్ట్‌రిడ్జి అది, ఈనాటికీ తయారవుతున్నది. 16.5 మైక్రాన్ల గుండ్రటి ముల్లు, రెండున్నర గ్రాముల బరువు. కంప్లయన్సు 5 అని కాగితం మీద చూసి భయపడకండి. జపాను వారు దానిని 100 హెర్ట్జ్‌ల దగ్గర కొలుస్తారు, 10 హెర్ట్జ్‌ల లెక్కకు సుమారు రెట్టింపు అవుతుంది. మీ 12 గ్రాముల ఆర్మ్‌కు దీని ఎనిమిదిన్నర గ్రాములు కలిపితే 11 హెర్ట్జ్‌లు వస్తుంది, అంటే పైన చెప్పిన హద్దులోనే. ఒక్కటే అడ్డంకి ఉన్నది. దీని ఉత్పత్తి 0.3 మిల్లీవోల్టులు మాత్రమే కనుక మీ ఆంప్లిఫయరుకు ముందు 1కి 10 రెట్లు పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి.

ఏ కార్ట్‌రిడ్జి పెట్టినా సరే, మోనో ప్లేటును మోనోగానే వినండి. మోనో గాడిలో పాట అంతా అడ్డంగానే ఉంటుంది. నిలువుగా వచ్చేదంతా దుమ్ము, గీతలు, అరుగుదల. స్టీరియో కార్ట్‌రిడ్జి ఆ నిలువు రొదను రెండు చానళ్ళలోనూ ఎదురెదురు దిశల్లో ఇస్తుంది కనుక, రెండింటినీ కలిపిన మరుక్షణం అది చాలావరకు రద్దయిపోతుంది. ఆంప్లిఫయరుకు మోనో మీట ఉంటే నొక్కండి, లేకపోతే ఫోనో దశ దాటాక వై-తీగలతో కలపండి. వేల రూపాయల ముల్లు చేయని మేలు ఆ మీట చేయడం నేను చాలాసార్లు విన్నాను.

పాతప్లేట్ల పిచ్చి

నేను మిగిలిన రెండింటి గురించీ, భద్రపరచడం గురించీ మాత్రమే రాస్తాను.

మీట ఉన్న ఆ రెండు కార్ట్‌రిడ్జులూ సెరామిక్ రకమా, క్రిస్టల్ రకమా అన్నది ముఖ్యం. క్రిస్టల్ వాటిలో ఉండేది రోషెల్ లవణం. అది గాలిలోని తేమను పీల్చుకుని కరుగుతుంది, వేడికి ఓర్చుకోలేదు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళో, అటక మీద, ఇన్ని వేసవులు గడిచాక అది బతికి ఉండడం దాదాపు అసంభవం. సెరామిక్ రకమైతే ఇంకా పలకవచ్చు, కానీ దానిని ఫోనో ఇన్‌పుట్‌కు తగిలించకండి. దాని ఉత్పత్తి వందల మిల్లీవోల్టులు. మామూలు లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి. ఏదేమైనా వాటి ముళ్ళ కింద మంచి ప్లేటు పెట్టవద్దు.

78 ప్లేట్లకు ఎల్.పి. ముల్లు పనికిరాదు. వాటి గాడి వెడల్పు; 65 నుంచి 75 మైక్రాన్ల కొస కావాలి. సన్నని ముల్లు గాడి అడుగున పడి దొర్లుతూ రొదను మాత్రమే ఏరుకుంటుంది. ఎమ్75 ఒంటికి పొందే 78 ముల్లు విడిగా దొరుకుతుంది. ఆ పనికి దానిని అంకితం చేయండి. అయితే మీ 1200 ఎమ్‌కె2లో 78 వేగమే లేదన్న సంగతి గమనించారా? పెదనాన్నగారి అటక మీద పాత గారార్డ్ టర్న్‌టేబుల్ ఏదైనా మిగిలిందేమో వెతకండి. ఇంకొక మాట. 1954లో ఆర్.ఐ.ఎ.ఎ. వంపు (ఆ హెచ్చుతగ్గులకు అందరికీ ఒకే కొలత) ప్రమాణంగా వచ్చేదాకా ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరున మంద్ర, తార స్వరాలను హెచ్చుతగ్గులు చేసి కోసేది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం వంటివి మామూలు ఫోనో దశలో మూతబడినట్టు వినిపిస్తే తప్పు ప్లేటుది అనుకోకండి, టోన్ మీటలను కాస్త తిప్పి చూడండి.

ముల్లు కొనేటప్పుడు నాలా మోసపోవద్దు. పెట్టె విప్పని పాత సరుకు అని చెప్పి అంతర్జాలంలో ఒక అమ్మకందారు నాకు వి15 ముల్లు ఒకటి భారీ ధరకు అంటగట్టాడు. పెట్టె నిజంగానే పాతది. సూక్ష్మదర్శిని కింద పెడితే లోపలిది లోహపు పిడికి అతికించిన చవక గుండ్రటి వజ్రమని తేలింది. ఒకవేళ అది అసలు సరుకే అయినా, 40 ఏళ్ళు పెట్టెలో ఉన్న రబ్బరు వాడిన రబ్బరుకన్నా మెరుగని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాడని ముల్లుకు వయసు రాదన్న భ్రమ సేకరించేవారిలో చాలా ఎక్కువ.

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు; రబ్బరు ఎంత? డబ్బాను అటక మీద నుంచి దించి, గాలి చొరని పెట్టెలో సిలికా జెల్ సంచులతో, మీరు పడుకునే చల్లని గదిలో పెట్టండి. ముల్లును వెనుక నుంచి ముందుకు మాత్రమే, పొడి కుంచెతో తుడవండి. స్పిరిట్ వాడవలసి వస్తే వజ్రం కొసకే తాకాలి, కాంటిలీవరు మీదుగా రబ్బరు దాకా పాకకూడదు.

టి.నగర్ శ్రోత

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

వి15 రెండు చానళ్ళూ 1,340, 1,360 ఓమ్‌లు చూపించాయి. ఎమ్75 ముల్లును సూక్ష్మదర్శిని కింద చూసి గుండె గుభేలుమన్నది. రెండు వైపులా అద్దపు ముక్కల్లాంటి ముఖాలు. దానితో నేను పది ప్లేట్లు విన్నాను. డి.ఎల్.-103 తీగచుట్టలు బాగానే ఉన్నాయి కానీ కాంటిలీవరు ఒక పక్కకు వాలి ఉన్నది. చేంజర్ల నుంచి వచ్చినవి రెండూ మూగవే. 78 వేగం లేదన్న మాట చదివి నవ్వుకున్నాను. కొనేటప్పుడు ఆ మీట కోసం చూడనే లేదు.

వి15కు జపాను ముల్లు తెప్పించి, కెపాసిటర్లు కలిపించి, రెండు చానళ్ళనూ మోనోగా చేసి నిన్న రాత్రి విన్నాను. పది ఇ.పి.లలో ఏడింటిలో స, శ అక్షరాలు ఇప్పుడు అక్షరాల్లాగే ఉన్నాయి. రెండింటిలో ఆ చీలిక గాయకుడు గొంతు పెంచినచోట మాత్రమే వస్తున్నది. మిగిలిన ఒకటి ఏం చేసినా మారలేదు. దాని గాడి బూడిదరంగుకు తిరిగి ఉన్నది. పెద్దమ్మను అడిగితే, అది వారి పెళ్ళైన కొత్తలో రోజుకు నాలుగుసార్లు మోగిన ప్లేటట.

మిగిలింది ఎస్.పి.యు. దీనిని అడిగినవారు అప్పుడే ఇద్దరున్నారు. అమ్మాలా?

మైలాపూరు మైక్రోగ్రూవ్

అమ్మకండి, అలాగని మీ 1200కు తగిలించడానికీ ప్రయత్నించకండి. రాబర్ట్ గుడ్మండ్‌సెన్ రూపొందించగా ఆర్టోఫోన్ వారు 1959లో తెచ్చిన నమూనా అది. హెడ్‌షెల్‌తో కలిపి 30 గ్రాములు దాటుతుంది. మీ ఆర్మ్ వెనుక బరువు, అదనపు గుండు బిగించినా, సుమారు 20 గ్రాములకు మించి తూచలేదు. నాలుగు గ్రాముల ఒత్తిడికి తగిన పొడవైన, బరువైన ఆర్మ్ దొరికేదాకా దానిని దూది నుంచి తీయవద్దు. డి.ఎల్.-103 కాంటిలీవరు వాలినది కనుక ప్రస్తుతానికి దానిని ప్లేటు మీద దించకండి. దాని వంటి మూవింగ్ కాయిల్ రకంలో (కాంటిలీవరుతో పాటు తీగచుట్టే కదిలేది) ముల్లు విడిగా ఊడదు, తీగచుట్టతో సహా విప్పి కొత్త కాంటిలీవరు అతికించే పనివారికే పంపాలి. ఆ ఖర్చును కొత్త డి.ఎల్.-103 ధరతో పోల్చి చూసుకున్నాకే పంపండి.

ఆ బూడిదరంగు ప్లేటును మాత్రం ఒకసారి అన్నానగర్ మిత్రుల ఇంటికి తీసుకువెళ్ళి, వారి గుండ్రటి ముల్లు కింద వినండి. మా వాదన ఎటు తేలుతుందో నాకూ తెలుసుకోవాలని ఉన్నది.

అన్నానగర్ అనామకుడు

తప్పకుండా రండి. ఆదివారం పొద్దున పది గంటలకు ఇంట్లోనే ఉంటాను. పెద్దమ్మగారిని కూడా వెంటబెట్టుకు రండి; ఆ ప్లేటు ఎలా మోగేదో ఆమెకే గుర్తుంటుంది.